గెలిచి విడిచిన యుద్ధము

వ్యాజ్యములకు దిగినవారిని గూర్చి మన పల్లెటూళ్ళలో ఒక సామెత కలదు. ఓడినవాడు కోర్టులోనే ఏడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెననియు దాని సారము. వకీలుకు పోసిన సొమ్ము, వాయిదాలకు తిరిగిన కాలము, బీడుపెట్టిన పొలము, ఇవన్నియు లెక్క వేసికొన్ననాడు చేతికి వచ్చిన అరయెకరము ఏపాటిదని గెలిచినవానికి తోచును. పెద్ద దేశములు పరాయి నేలపై ఏండ్ల తరబడి సాగించిన యుద్ధముల చరిత్ర చదువునపుడు ఈ సామెత పదే పదే జ్ఞప్తికి వచ్చును. అయితే ఆ చరిత్రలో ఏడ్చువారు గెలిచినవారును ఓడినవారును మాత్రమే కాదు. ఆ వ్యాజ్యములో వాదులుగాని ప్రతివాదులుగాని కానివారు అందరికంటె ఎక్కువగా ఏడ్చినారు.

బలవంతుడు యుద్ధభూమిని విడిచి పోయినాడనగానే ఓడిపోయినాడని లోకము తలచును. ఒక్కొక్కప్పుడది నిజమే. 1954 మే 7వ తేదీన ఇండోచైనాలోని డియన్ బియన్ ఫూ కోట పడిపోయినప్పుడు ఫ్రెంచివారు ఓడిరి. కొలది వారములకే జెనీవాలో సంధి చేసికొని తరలిపోయిరి. అందులో విచిత్ర మేమియు లేదు. విచిత్రమెక్కడనగా, అదే ఫ్రాన్సు మరి యెనిమిదేండ్లకు, యుద్ధభూమిలో తనదే పైచేయిగా ఉన్న కాలమున, అల్జీరియాను విడిచి వెళ్ళినది. గెలుచుచున్నవాడు ఏల వెడలిపోయినాడు? ఈ ప్రశ్నకు సమాధానము దొరికినచో, ఇట్టి యుద్ధములన్నిటి మర్మము కొంతవరకు తెలియును.

ఫ్రాన్సు 1830లో అల్జీర్సు నగరమును పట్టుకొన్నది. 1848లో ఆ దేశమును తన జిల్లాలుగా విభజించి స్వదేశములో కలుపుకొన్నది. ఇండోచైనా వలస రాజ్యము. అల్జీరియా మాత్రము, చట్టము దృష్టిలో, ఫ్రాన్సే. అక్కడ సుమారు 10 లక్షలమంది ఐరోపా సంతతివారు స్థిరపడియుండిరి. తక్కిన 80, 90 లక్షలమంది ముస్లిములు. 1947 నాటి శాసనము ప్రకారము ఏర్పడిన అల్జీరియా సభలో 120 స్థానములుండగా, అందు 60 మొదటి వర్గమునకును 60 రెండవ వర్గమునకును కేటాయింపబడెను. ఒక త్రాసున పది లక్షలు, మరొక త్రాసున అంతకు ఎనిమిది రెట్లు, ముల్లు మాత్రము నడుమ నిలువవలెనట! ఆ ముల్లు 1954 నవంబరు 1వ తేదీన విరిగినది. జాతీయ విమోచన సమితివారు ఆ రాత్రి దేశమంతట ఒక్కమారుగా దాడులు జరిపిరి.

మొదట దీనిని అల్లరిమూకల పని యనుకొనిరి. రెండేండ్లు తిరుగకమునుపే అక్కడి ఫ్రెంచి సైనికుల సంఖ్య 4 లక్షలకు చేరినది. 1957లో జనరల్ మస్యూ నాయకత్వమున పారాచ్యూటు దళములు అల్జీర్సు నగరములోని రహస్య సంఘములను వెదకి వెదకి నిర్మూలించెను. అదే సంవత్సరము ట్యునీసియా సరిహద్దు పొడవునను విద్యుత్ ప్రవాహము గల కంచె నిర్మింపబడెను. దానిని దాటి లోపలికి రావలెనని యత్నించినవారు వేలకొలది చచ్చిరి. 1959లో జనరల్ షాల్ కొండలను వరుసగా గాలించి విప్లవకారుల పటాలములను చిన్న చిన్న ముఠాలుగా చెదరగొట్టెను. 1960 నాటికి యుద్ధపటము చూచిన ఏ సేనాపతియైనను ఫ్రాన్సు గెలిచినదనియే చెప్పియుండును. 1962 జూలైలో అల్జీరియా స్వతంత్రమైనది.

మన కౌటిల్యుడు అర్థశాస్త్రము ఏడవ అధికరణమున ఒక మాట చెప్పినాడు. సంధివలనను యుద్ధమువలనను లాభము సమానమే యైనచో సంధినే ఎన్నుకొనవలెనని ఆయన మతము. ఏలయన యుద్ధమునకు నాలుగు దోషములు కలవు: క్షయము, వ్యయము, ప్రవాసము, ప్రత్యవాయము. క్షయమనగా మనుష్యులును వాహనములును నశించుట. వ్యయమనగా ధనధాన్యములు కరగిపోవుట. ప్రవాసమనగా ఇల్లు విడిచి దూరమున పడియుండుట. ప్రత్యవాయమనగా ఎదురై వచ్చి పడు కీడు. రెండువేల యేండ్ల క్రిందటి ఈ పద్దులపట్టికలో ఫ్రాన్సు లెక్క వేసి చూచినచో, యుద్ధపటమున కనబడనిది కనబడును.

క్షయము మాట మొదట. ఫ్రెంచి సైనికులు సుమారు 25 వేలమంది మరణించిరి. అల్జీరియనులలో మృతుల సంఖ్యను చరిత్రకారులు పలువురు 3, 4 లక్షలుగా అంచనా వేయుచుండగా, ఆ దేశ ప్రభుత్వము 15 లక్షలని చెప్పుచున్నది. తక్కువ అంకెనే తీసికొన్నను, ఒక ఫ్రెంచివానికి పదిమందికి పైగా అల్జీరియనులు చచ్చినారన్నమాట. అయినను తగ్గినవాడు ఫ్రెంచివాడే. ఇది వ్యాజ్యములోని పెద్దకామందునకును చిన్నరైతునకును గల తేడా. కామందునకు ఆ చెక్క నూరు చెక్కలలో ఒకటి. రైతునకు ఉన్నదే ఆ చెక్క. కామందు పంతము కొద్ది పోరాడును. రైతు పొయ్యిలో నిప్పుకొరకు పోరాడును. ఒకరికి వాయిదా పడిన ప్రతిసారి ఖర్చు, మరొకరికి వాయిదా పడిన ప్రతిసారి బ్రతుకు. ఆండ్రూ మాక్ అను పండితుడు 1975లో ప్రకటించిన వ్యాసమున, పెద్ద దేశములు చిన్న యుద్ధములలో ఓడుటకు ఈ పట్టుదలలోని తారతమ్యమే మూలమని వాదించెను. మన పల్లెలకు అది క్రొత్త సిద్ధాంతము కాదు.

వ్యయము రెండవది. 1957లోను 1958లోను ఫ్రాంకు విలువ తగ్గింపబడెను. 1958 ఆరంభమున ఫ్రాన్సు ఋణము కొరకు అమెరికాను ఆశ్రయింపవలసి వచ్చినది. రేమోఁ ఆరోఁ అను సుప్రసిద్ధ రచయిత 1957లో ఒక చిన్న పుస్తకము ప్రకటించి, అల్జీరియా స్వాతంత్ర్యము తప్పదని వ్రాసెను. ఆయన వామపక్షమువాడు కాడు. సంప్రదాయవాదులు చదువు ‘ఫిగారో’ పత్రికలో వ్రాయువాడు. ఆయన న్యాయాన్యాయముల ప్రసంగము తగ్గించి లెక్కలనే ముందు పెట్టినందున, నొచ్చుకొన్నవారు ఆయన స్వపక్షమువారే. అంతేగాక అదే యేట ఐరోపా ఆర్థిక సమాజమునకు రోము నగరమున ఒడంబడిక కుదిరినది. ఫ్రాన్సు భవిష్యత్తు సముద్రమునకు దక్షిణమున గాక, రైను నదికి ఆవల ఉన్నదని ఆలోచనాపరులకు తోచసాగెను. సహారా ఎడారిలో 1956లో చమురు పడినందున ఉండిపోవుటకు ఒక క్రొత్త ఆశ కూడ కలిగిన మాట నిజమే; సంప్రదింపులు పలుమార్లు ఆ ఎడారి దగ్గరనే ఆగిపోయినవి. కాని చమురు కొనుక్కొనవచ్చును. కొనుటకంటె కావలి కాయుటకే ఎక్కువ ఖర్చగునని తుదకు తేలినది.

ప్రవాసము మూడవది. ఇండోచైనా యుద్ధమును జీతపు సైనికులును, విదేశీ దళమువారును, వలసరాజ్యముల సిపాయిలును చేసిరి. నిర్బంధ సేవకు పిలువబడిన పిల్లలను అక్కడికి పంపలేదు. అల్జీరియా చట్టరీత్యా ఫ్రాన్సే కనుక ఆ పిల్లలను అక్కడికి పంపవచ్చును; 1956 నుండి పంపిరి. పది లక్షలకు పైగా యువకులు రెండేండ్లు, రెండేండ్లపై మరికొన్ని నెలలు అక్కడ గడిపిరి. దూరపు యుద్ధము ఆ విధముగా ప్రతి గ్రామములో, ప్రతి వీధిలో జొరబడినది. ‘అల్జీరియా ఫ్రాన్సే’ అని చెప్పిన చట్టమే ఫ్రాన్సు తల్లులకు అల్జీరియా ఎంత పరాయిదో నేర్పినది.

ప్రత్యవాయము నాలుగవది. ఇదియే అన్నిటికంటె లోతైనది. అల్జీర్సులో రహస్య సంఘములను పట్టుకొనుటకు సైనికులు అవలంబించిన సాధనము చిత్రహింస. విద్యుత్తుతోను నీటితోను మనుష్యులను హింసించి పేర్లు రాబట్టిరి. పాల్ తెజాఁ అను పోలీసు శాఖాధికారి స్వయముగా జర్మను గెస్టాపో చేతిలో హింసలు పడినవాడు. తన కాలమున తాను చూచినదే తన ప్రభుత్వము చేతిలోను చూచి 1957లో పదవి విడిచెను. రెండవ ప్రపంచయుద్ధ వీరుడైన జనరల్ బొలార్దియేర్ ఈ పద్ధతులకు ఒప్పక తన్ను బాధ్యతనుండి తప్పింపుమని కోరెను; తరువాత 60 దినములు కోటలో నిర్బంధింపబడెను. హింస ననుభవించిన పత్రికాసంపాదకుడు ఆఁరి అలెగ్ తన కథను 1958లో ప్రకటింపగా ప్రభుత్వము ఆ పుస్తకమును స్వాధీనము చేసికొనెను. యుద్ధము గెలుచుటకు ఏది పనికివచ్చినదో, అదియే ఆ యుద్ధము ఎందుకు గెలువవలెనను ప్రశ్నకు సమాధానము లేకుండ చేసినది.

ఆ కీడు అంతటితో ఆగలేదు. 1958 మే 13వ తేదీన అల్జీర్సులోని ఐరోపీయులు ప్రభుత్వ భవనము నాక్రమింపగా సైన్యము వారి పక్షము వహించెను. నాల్గవ రిపబ్లికు కూలిపోయెను. 1961 ఏప్రిలులో నలుగురు జనరళ్ళు తిరుగుబాటు చేసి అల్జీర్సును వశపరచుకొనిరి. ఆ నలుగురిలో కొండలను గాలించి గెలిచిన షాల్ ఒకడు! తిరుగుబాటు నాలుగు దినములలో కూలుటకు ఒక కారణము ట్రాన్సిస్టరు రేడియో. శిబిరములలోని ఆ నిర్బంధ సేవ పిల్లలు డిగాల్ ప్రసంగము విని, తమ పైయధికారుల మాట వినక కూర్చుండిరి. అదే సంవత్సరము అక్టోబరు 17వ తేదీన పారిసు వీథులలో ఊరేగింపుగా వచ్చిన అల్జీరియనులను పోలీసులు పదులకొలది చంపిరి. శవములు సేను నదిలో తేలెను. పరాయి ఇంటిలో పెట్టిన నిప్పు గాలి తిరిగి సొంత చూరునంటుట యనగా ఇదియే.

ఈ మంటలో మాటయే మూగపోయిన ఒక మహారచయిత కథ సాహిత్యప్రియులకు తెలియనిది కాదు. ఆల్బేర్ కామూ 1913లో అల్జీరియాలోనే పుట్టినాడు, పేదయింటి బిడ్డ, తల్లి అల్జీర్సులోనే నివసించుచుండెను. 1956 జనవరిలో ఆయన అక్కడికి పోయి, యుద్ధము మాన్పలేకపోయినను స్త్రీలను పిల్లలను సామాన్యులను చంపకుందుమని ఇరుపక్షములును మాట యిచ్చికొనవలెనని వేడుకొనెను. సభామందిరము బయట ఆయన జాతివారే ఆయనకు మరణము కోరుచు కేకలు వేసిరి. ఎవ్వరును మాట యియ్యలేదు. 1957లో నోబెలు బహుమానము వచ్చెను. 1960 జనవరి 4వ తేదీన కారు ప్రమాదములో కన్నుమూసెను. నడుమ నిలిచినవానికి నిలువ నేల లేకపోవుట దీర్ఘయుద్ధము యొక్క మొదటి లక్షణము.

లెక్క ఇంత స్పష్టముగా నుండగా 1957లోనే ఏల వెడలలేదు? ఇక్కడ మానవస్వభావము అడ్డుపడును. వెడలిపోయినచో చచ్చినవారు వృథాగా చచ్చినవారగుదురను మాట ఎవరు కాదనగలరు? ఆ మాటతో మరికొందరిని పంపుదురు, వారును చత్తురు, మాటకు బలము హెచ్చును. పోయిన సొమ్మునకై ఉన్న సొమ్ము ఒడ్డు జూదరి మనస్సిది. పండ్రెండేండ్లలో ఇరువదికి పైగా మంత్రివర్గములు మారిన నాల్గవ రిపబ్లికులో, పోదమని చెప్పిన ప్రధాని మరునాడే పదవి కోల్పోవును. ఉందమని చెప్పినవాడు మరి నాలుగు నెలలు ఉండును. కావున అందరును ఉందమనిరి. తుదకు పోదమన్నవాడు ఎవ్వడు? అల్జీరియాను నిలుపుమని సేనాపతులును వలసవారును పిలిచి తెచ్చి గద్దె నెక్కించిన జనరల్ డిగాల్. 1959 సెప్టెంబరు 16వ తేదీన ఆయన స్వయంనిర్ణయమను మాట పలికెను. 1961 జనవరిలో ఓటర్లలో నూటికి సుమారు 75 మంది దానిని ఒప్పుకొనిరి. 1962 మార్చి 18వ తేదీన ఏవియన్ పట్టణమున సంధి కుదిరినది. దేశభక్తిలో వంక పెట్టుటకు వీలులేనివాడు మాత్రమే వెనుకకు అడుగు వేయగలడు. ఆయనకైనను ఆ అడుగు చవుక కాలేదు. 1962 ఆగస్టు 22న పారిసు సమీపమున ఆయన కారుపై తుపాకుల వర్షము కురిసెను.

ఇతర యుద్ధములను పరిశీలించినను ఇదే నడక కనబడును. 1968లో వియత్నాములో టెట్ పండుగనాటి దాడిని అమెరికా సేన తిప్పికొట్టెను. కాని ఆ దాడి తరువాత క్రొత్త రక్షణమంత్రి క్లార్క్ క్లిఫర్డు ఇంకెన్నాళ్ళు, ఇంకెందరు అని అడుగగా సేనాధికారులు జవాబు చెప్పలేకపోయిరి. గెలుపు లేదని నాయకులకు ఆనాడే తెలిసినది. సంధి 1973 జనవరిలో జరిగినది. ఆ నడుమ, 1969 తరువాతనే, 20 వేలకు పైగా అమెరికనులు చచ్చిరి. వియత్నామువారు ఎన్నియో రెట్లు. 1986 నవంబరులో సోవియట్ నాయకుల సమావేశమున మార్షల్ అఖ్రొమేయెవ్, ఆఫ్గనిస్థానమున తమ సైనికుడు ఎప్పుడో ఒకప్పుడు అడుగు పెట్టని చోటు లేదనియు, అయినను దేశములో అధిక భాగము తిరుగుబాటుదారుల చేతనే ఉన్నదనియు చెప్పెను. కడపటి సేన 1989 ఫిబ్రవరి 15వ తేదీన ఆము దర్యా వంతెన దాటినది. అదే నేలపై 2001లో అడుగిడిన అమెరికా 2021 ఆగస్టు 30వ తేదీన వెడలినది, ఇరువది యేండ్లు!

లెక్క అడుగువాడు ఒకడుండవలెను, అదియే కీలకము. ఫ్రాన్సులోను అమెరికాలోను ఓటరు అడిగినాడు, పత్రిక అడిగినది, తల్లి అడిగినది. ఓటరు అడుగలేని పోర్చుగల్‌లో 1974 ఏప్రిల్ 25వ తేదీన సైనికులే అడిగిరి. ఆఫ్రికాలో పదమూడేండ్లు పోరాడి విసిగిన కెప్టెనులు నియంతృత్వమును కూల్చి యుద్ధమును ముగించిరి. ఎవ్వరును అడుగలేని చోట ఏమగునో మన దక్కను చరిత్ర చెప్పును. ఔరంగజేబు 1681లో దక్షిణాపథమునకు వచ్చెను. 1686లో బిజాపురము, 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత మన గోలకొండ ఆయన వశమాయెను. గెలువవలసినది గెలిచెను; కాని మరలి పోలేదు. మరి యిరువదేండ్లు మహారాష్ట్రుల వెంట కోట నుండి కోటకు తిరిగి తిరిగి, 1707లో అహమ్మదునగరు చెంత కన్నుమూసెను. ఢిల్లీని మరల చూడలేదు. ఆయన ఖజానా లెక్కను ఆయన యెదుట చదువగలవాడు ఆ సామ్రాజ్యమున లేకపోయెను.

మనదేశమునకును ఈ పాఠము ఒకమారు తగిలినది. 1987లో ఒడంబడిక మేరకు శాంతిని కాపాడుటకు లంకకు వెళ్ళిన మన సేన, కాపాడవలసినవారితోనే పోరాడవలసి వచ్చి, సుమారు 1200 మంది జవానులను పోగొట్టుకొని 1990 మార్చిలో తిరిగి వచ్చినది. పెద్దరికము గల ప్రతి దేశమునకును ఈ ద్వారము తెరచియే యుండును. ప్రవేశించుట సులభము.

ఇక వ్యాజ్యములో పేరు లేనివారి మాట. అల్జీరియా ముస్లిములలో ఫ్రెంచి సేనకు తోడుగా ఆయుధము పట్టినవారిని హర్కీలందురు. సంధి తరువాత ఫ్రాన్సు వారి ఆయుధములను తీసికొనెను. వారిని ఓడలెక్కించి తేవలదని ఉత్తరువులు పంపెను. కొందరు అధికారులు ఆ ఉత్తరువులను మీరి తమ వారిని తెచ్చుకొనిరి. మిగిలినవారిలో వేలకొలదిమందిని, పలువురు చరిత్రకారుల మతమున పదివేలకొలదిమందిని, స్వదేశీయులే చంపిరి. వచ్చినవారు రివెసాల్త్ వంటి శిబిరములలో ముండ్లకంచెల వెనుక మ్రగ్గిరి. ఫ్రాన్సు అధ్యక్షుడు వారిని క్షమాపణ వేడినది 2021 సెప్టెంబరులో. దానికి సరిగా ఒక నెల ముందు కాబూలు విమానాశ్రమమున, అమెరికావారికి దుబాసీలుగా, డ్రైవర్లుగా పనిచేసినవారు కాగితములు పైకెత్తి పట్టుకొని గోడల వెంట నిలువబడియుండిరి. 1962 సంవత్సరపు ఓడరేవును 2021 సంవత్సరపు విమానాశ్రయమును పక్క పక్కన పెట్టి చూచినచో, లోకము నేర్చుకొన్నది స్వల్పమని తోచును. ఐరోపా సంతతివారి గతియు జాలి గొలుపునదే. ఆ ఒక్క వేసవిలో లక్షలకొలదిమంది రెండేసి పెట్టెలతో పుట్టిన గడ్డను విడిచి ఓడలెక్కిరి. వారిలో అనేకులు కామందులు కారు. కామూ తల్లివలె పాచిపని చేసి బ్రతికిన కుటుంబములవారు.

కావున బలవంతులు దీర్ఘయుద్ధమును విడుచుటకు కారణము దయ కాదు, కేవలము ఓటమియు కాదు. క్షయవ్యయముల లెక్క ఇంటివారి కంట పడుట, దానిని చదివి చెప్పగలవాడొకడు గద్దెపై ఉండుట, ఈ రెండును కూడినప్పుడే సేన మరలును. మొదటిది ముందు జరుగును. రెండవది చాల ఆలస్యముగా జరుగును. ఈ రెంటికి నడుమ గల కాలమే యుద్ధములో అత్యంత క్రూరమైన భాగము. అప్పుడు చచ్చినవాడు, ముగిసిపోయినదని పెద్దలకు ముందే తెలిసిన యుద్ధములో చచ్చినవాడు. అతని మరణమునకు విజయకాంక్ష కూడ సాకు కాదు. మాట వెనుకకు తీసికొనుటకు ఒకరి నోరు రాకపోవుటయే కారణము.

ఆ నోరు ఎంత బరువైనదో తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. అల్జీరియాలో జరిగినది యుద్ధమని ఫ్రాన్సు చట్టము ఎన్నడును అనలేదు. శాంతిభద్రతల పరిరక్షణ చర్యలనియే వ్యవహరించుచు వచ్చినది. ‘యుద్ధము’ అను పదమును ఆ దేశపు చట్టసభ 1999లో అంగీకరించెను. సేన మరలి వచ్చుటకు ఎనిమిదేండ్లు పట్టినది. మాట వచ్చుటకు మరి ముప్పదియేడేండ్లు పట్టినది.